ఇంట్లో ఒప్పుకోరు

ఇప్పటి పిల్లల నోట వినీ వినీ నేను విసిగిపోయిన మాట ఒకటుంది. "ఇంట్లో ఒప్పుకోరు అంకుల్." ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఇద్దరికీ పాతికేళ్లు దాటాయి. మూడేళ్లుగా ఒకే ఫ్లాటులో ఉంటున్నారు. ఒకరు కూర తరిగితే ఒకరు అన్నం వండుతారు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు సెలవు పెడతారు. పెళ్లెప్పుడర్రా అంటే మాత్రం తల దించుకుని ఈ మాటంటారు. మా రోజుల్లో ఇళ్లల్లో ఒప్పుకునేవాళ్లా? ఒప్పుకోకపోవడమంటే అప్పుడు అన్నంలో విషం కలుపుకుంటానని తల్లి బెదిరించడం, కత్తి పట్టుకుని అన్నదమ్ములు బస్టాండులో కాపలా కాయడం. అయినా చేసుకోదలచుకున్నవాళ్లు చేసుకున్నారు. వాళ్ల సంతకాలు దగ్గరుండి పెట్టించుకున్న మనిషిని గనక నాకు ఈ సాకు వింటే ఒళ్లు మండుతుంది.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరింది ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తలో. కృష్ణా జిల్లాలోనే ఈ ఊరికీ ఆ ఊరికీ బదిలీలవుతూ సర్వీసంతా గడిచిపోయింది. పొలాల క్రయ దస్తావేజులు, తనఖాలు, భాగపంపిణీలు, వీలునామాలు, రోజూ ఇవే. వీటి మధ్యలో అప్పుడప్పుడూ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకుంటామని ఓ జంట వచ్చేది. ఆ చట్టం కులం అడగదు, మతం అడగదు, కన్యాదానం చేసే తండ్రిని అసలే అడగదు. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులుగా కాపురం ఉండాలి. నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటించాలి. 30 రోజుల లోపల ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. వయసు చాల్లేదనో, అప్పటికే ఓ పెళ్లామో మొగుడో ఉన్నారనో, మతిస్థిమితం లేదనో, వరస కుదరని దగ్గరి చుట్టరికమనో చెప్పాలి తప్ప ఇంకే అభ్యంతరమూ చెల్లదు. గడువు దాటాక ముగ్గురు సాక్షులతో వచ్చి, అధికారి ఎదుట ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని నోటితో చెప్పి, సంతకాలు చెయ్యాలి.

కాగితం మీద ఇంత తేలిక. అసలు కష్టమంతా ఆ బోర్డు దగ్గర. మా ఆఫీసు వరండాలో కర్రచట్రానికి ఇనప వల బిగించి తాళం వేసిన బోర్డు ఉండేది. పొద్దున నోటీసు అంటిస్తే సాయంత్రానికి పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్లు చేరాల్సినచోటికి చేరిపోయేవి. దస్తావేజు లేఖరుల బల్లల దగ్గర కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరికి ఆ పిల్ల తండ్రి తెలిసే ఉంటాడు. ఆ నెల్రోజులూ ఆ జంట ఎక్కడ తలదాచుకునేదో దేవుడికే తెలియాలి. "వాడి కులమేంటో తెలుసాండీ" అంటూ పెద్దమనుషులు అభ్యంతరం రాసిచ్చేందుకు దిగేవారు. కులం అభ్యంతరం కిందికి రాదని మా ఆఫీసరు చెప్పగా చెప్పగా గొంతు పోయేది.

ఒక పెళ్లి నాకు నిన్న జరిగినట్టుంటుంది. అమ్మాయి నర్సు ట్రైనింగు అయిన పిల్ల, పొలాలూ పశువులూ ఉన్న కుటుంబం. అబ్బాయి ప్రెస్సులో కంపోజిటరు, దళితవాడ కుర్రాడు. సీసపు అక్షరాలు ఏరి ఏరి వేళ్ల కొసలు నల్లబడి ఉండేవి, వేలిముద్ర వేయక్కరలేదు గానీ వేస్తే సిరా రాయనక్కరలేదనిపించేది. పెళ్లిరోజు పదకొండింటికి అమ్మాయి మేనమామలు గేటు బయట జీపు ఆపుకుని నిలబడ్డారు. ముగ్గురు సాక్షుల్లో ఒకాయన వాళ్లను చూసి వెనకదారిన వెళ్లిపోయాడు. ఇద్దరితో పెళ్లి కుదరదు. అప్పుడు వరండాలో క్రయ దస్తావేజు రాస్తున్న ముసలి లేఖరి ఒకాయన కలం మూత పెట్టి, పార్టీని కాసేపు ఆగమని చెప్పి, లోపలికొచ్చి మూడో సంతకం పెట్టాడు. ఆయనకు ఆ పిల్లా తెలియదు, పిల్లాడూ తెలియదు. ఆ మేనమామలు మాత్రం బాగా తెలుసు, వాళ్ల దస్తావేజులన్నీ ఆయనే రాసేవాడు. ఆ తరవాత వాళ్లు ఆయన బల్ల దగ్గరికి రావడం మానేశారు.

ఆ అమ్మాయి చెప్పాల్సిన వాక్యం గేటు దాకా వినిపించేలా చెప్పింది. చెయ్యి వణికింది, గొంతు వణకలేదు. సంతకం చేసి, చేతిసంచిలోంచి ఒక ఇన్‌లాండ్ కవరు తీసి నాకిచ్చి "దీన్ని పోస్టు చేయిస్తారా అన్నయ్య గారూ" అంది. వాళ్ల నాన్నకు రాసిన ఉత్తరం. ఫలానా తారీఖున ఫలానా అతన్ని పెళ్లి చేసుకున్నాను, మీ ఆస్తిలో నాకు ఏమీ వద్దు, అమ్మని చూడాలనిపిస్తే వస్తాను, రానివ్వకపోతే గుమ్మంలో నిలబడి వెళ్తాను అని అందులో రాసిందని చాలా ఏళ్ల తరవాత తనే చెప్పింది. హెడ్ నర్సుగా రిటైరైంది.

అందరూ అలా ఉండేవాళ్లని నేననను. మా నోటీసుల పుస్తకంలో ఏడాది మొత్తానికి రాసే పేర్లు బహు తక్కువ. మిగతా లోకమంతా తలవంచి తాళి కట్టింది, కట్టించుకుంది. మనసులో ఒకరిని పెట్టుకుని ఇంకొకరి పక్కన పీటల మీద కూర్చున్నవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. పోనీ ఇంకా వెనక్కి పోదాం. వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. నాస్తికుడు గోరా గారు తన పెద్దమ్మాయిని దళిత యువకుడికిచ్చి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. గాంధీ గారు దగ్గరుండి చేయిస్తానన్నారు, ఆ జనవరిలోనే ఆయన్ని చంపేశారు. గోరా గారి అబ్బాయి లవణం గారు 1960లో కవి జాషువా గారి అమ్మాయి హేమలత గారిని చేసుకున్నారు. కమ్యూనిస్టు పార్టీ వాళ్లు సభ పెట్టి, దండలు మార్పించి, ఉపన్యాసాలతో పెళ్లిళ్లు చేసేవారు. దండల పెళ్లికి తమిళనాడులో 1967లో చట్టం సవరించి గుర్తింపునిచ్చారు, మనకు అదీ లేదు. అందుకని ఆ దండలు వాడకముందే మా ఆఫీసుకొచ్చి నోటీసు ఇచ్చిన జంటలూ ఉన్నాయి. ఇవన్నీ కొద్దిమంది చేసిన పనులే. కానీ చేసింది నలుగురి ఎదుట చేశారు.

ఇప్పుడు నా కొడుకు దగ్గర కూకట్‌పల్లిలో ఉంటున్నాను. మా పై అంతస్తులో ఇద్దరుండేవారు, సాఫ్ట్‌వేరు వాళ్లే. వాళ్లు పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నారని అపార్టుమెంటు సంఘంలో ఒకాయన గొడవ పెట్టబోతే నేనే అడ్డం తిరిగాను. మేజర్లయిన ఇద్దరు కలిసి ఉండటం నేరం కాదని 2010లో నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005 నాటి గృహహింస చట్టం పెళ్లిలాంటి బంధంలో ఉన్న స్త్రీకీ రక్షణ ఇస్తుంది. మధ్యలో మనమెవరమండీ అన్నాను.

ఈ విషయంలో నాకు చాదస్తం లేదు. మా రోజుల పవిత్రత నాకు తెలుసు. 1978 దాకా ఆడపిల్ల పెళ్లికి చట్టం అడిగింది పదిహేనేళ్లే, ఊళ్లు అదీ పాటించలేదు. ఆ పిల్లకు తన ఒంటి సంగతి ఎవరూ చెప్పేవారు కాదు. మొదటి రాత్రి గది బయట ముత్తయిదువుల నవ్వులే తప్ప లోపలికెళ్లే పిల్లకు ఒక్క మంచిమాట ఉండేది కాదు. మగపిల్లాడు ఎక్కడ తిరిగొచ్చినా అడిగేవాడు లేడు. గోడల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, ఇద్దరు లేక ముగ్గురు చాలనే రాతలు, 1968 నుంచి కిళ్లీ కొట్లలో పదిహేను పైసలకు మూడు నిరోధ్‌లు ఉన్నా, కొట్టు ఖాళీ అయ్యేదాకా నిలబడి నోరు పెగలక వక్కపొడి కొనుక్కుని వచ్చినవాళ్లే ఎక్కువ. డాక్టర్ సమరం గారు వారపత్రికలో సందేహాలకు జవాబులు రాస్తుంటే ఆ పేజీ కోసమే పత్రిక తెప్పించి, ఆ పేజీ చదవలేదని బొంకినవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. 2000ల మొదట్లో పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని రాష్ట్రమంతా హోర్డింగులు పెడితే గానీ మన జనం ఆ రోగం పేరు పైకి అనలేదు. ఆ మౌనం ఎంతమంది ఆడవాళ్లకు భర్తల ద్వారా రోగం అంటగట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె పిండేస్తుంది.

కాబట్టి పైఅంతస్తు అమ్మాయి లేడీ డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్లొచ్చి మా ఆవిడతో పీసీఓడీ గురించి సిగ్గుపడకుండా మాట్లాడితే నాకు సంతోషమే అనిపించింది. ఇష్టం లేకపోతే లేదని చెప్పడం ఈ ఆడపిల్లలకు వచ్చు. మా అక్కలకు రాలేదు, రానివ్వలేదు. గర్భవిచ్ఛిత్తి చట్టంలో భర్త అని ఉన్నచోట భాగస్వామి అని 2021లో మార్చారు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీకీ 24 వారాల దాకా అదే హక్కు అంది. ఇవన్నీ మంచివే. శరీరం గురించి ఈ తరం నేర్చుకున్నది మా తరం నేర్చుకోవలసింది. ఇంత నేర్చుకున్నవాళ్లు ఇంటికి ఫోను చేసి ఒక్క వాక్యం చెప్పలేకపోవడమే నాకు మింగుడుపడదు.

ఆ పైఅంతస్తు అబ్బాయి అమ్మానాన్నలు గుంటూరు నుంచి రెండు మూడు నెలలకోసారి వచ్చేవారు. వాళ్లొచ్చే ముందురోజు రాత్రి ఆ అమ్మాయి సామానంతా ఒక ట్రాలీ బ్యాగులో, రెండు అట్టపెట్టెల్లో సర్దుకుని మా ఇంటికి తెచ్చేది. బట్టలు, చెప్పులు, స్నానాల గదిలో సీసాలు, తలుపు వెనక కొక్కేనికి వేలాడే చున్నీ, చివరికి వాళ్లమ్మ భీమవరం నుంచి పంపిన మాగాయ జాడీ కూడా. తను అమీర్‌పేటలో స్నేహితురాలి హాస్టలుకి వెళ్లి ఆ రెండ్రోజులూ ఉండేది. ఒకసారి ఆ అబ్బాయి తల్లి ఫిల్టరు కాఫీ తాగుదామని మా ఇంటికొచ్చింది. సోఫా పక్కన ఆ ట్రాలీ బ్యాగు నిలబెట్టి ఉంది. దానికి మోచెయ్యి ఆనించి కూర్చుని "మావాడికి సంబంధాలు చూస్తున్నామండీ, మనవాళ్లలోనే బాగా చదువుకున్న పిల్ల ఉంటే చెప్పండి" అంది. మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి బయటికి రాలేకపోయింది.

సంబంధం కుదిరింది. అదే కులం, అదే ఉపకులం, గోత్రం వేరు. రెండెకరాల మాగాణి, కొంపల్లిలో ఫ్లాటు. ఆ అమ్మాయికి సంగతి తెలిసింది నిశ్చితార్థం ఫొటోలు ఇన్‌స్టాగ్రాంలో చూశాక. తను ఏడవలేదు, అరవలేదు, వచ్చి మాగాయ జాడీ మా ఆవిడ చేతిలో పెట్టి బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. నేను ఆగలేక ఆ కుర్రాణ్ణి పిలిచి అడిగాను. వాడు నాకు ఎదురు చెప్పలేదు. "ఇంట్లో ఒప్పుకోరని తనకీ మొదట్నించీ తెలుసు అంకుల్" అన్నాడు.

నువ్వు ఇంట్లో ఎప్పుడడిగావురా అన్నాను. అడగలేదట. ఒక్కసారి కూడా అడగలేదట. వాళ్లమ్మ కాదన్నదే లేదు. కాదంటుందేమోనని మూడేళ్లూ ఆ పిల్లని అట్టపెట్టెల్లో దాచి పెట్టాడు.

ఇది మగపిల్లల జబ్బే అని కూడా అనను. మా బంధువుల అమ్మాయి నాలుగేళ్లు ఒక కుర్రాడితో తిరిగి, అమెరికా సంబంధం రాగానే అతని నెంబరు బ్లాక్ చేసి పెళ్లిపీటల మీద కూర్చుంది. ఆ కుర్రాడు ఆర్నెల్లు మనిషి కాలేదు. ఒకే ఫోనులో రెండు యాప్‌లు ఉంటున్నాయి. స్నేహానికీ సహవాసానికీ ఒకటి, అందులో కులం గడి ఉండదు. పెళ్లికి ఇంకోటి, అందులో మొదటి గడే కులం. ఒకదాన్లో మనసిచ్చి ఇంకోదాన్లో చెయ్యి పట్టుకుంటారు. 2011-12లో దేశమంతటా చేసిన మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు నూటికి ఐదు మాత్రమే అని తేలింది. ఇన్ని ఐటీ ఉద్యోగాలు, ఇన్ని కో ఎడ్యుకేషన్ కాలేజీలు, ఇన్ని ప్రేమ సినిమాలు వచ్చి కూడా అంతే.

ఎందుకిలా అని చాలా ఆలోచించాను. డబ్బే అనిపిస్తుంది. ఆ కంపోజిటరు కుర్రాడి దగ్గర పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, ఆ నర్సు పిల్ల పోగొట్టుకోవడానికి సిద్ధపడింది. అద్దెగది, కిరసనాయిలు స్టవ్వు, రెండు చాపలతో కాపురం పెట్టారు. లక్షన్నర జీతగాడికి నాన్న ఇచ్చే డౌన్ పేమెంటు కావాలి. అత్తవారిచ్చే మాగాణి కావాలి. 1961లోనే కట్నం నిషేధించిన దేశంలో కట్నం పుచ్చుకునే ధైర్యం ఉంది గానీ, ప్రేమించిన పిల్ల పేరు తల్లికి చెప్పే ధైర్యం లేదు.

ఇంతకన్నా నన్ను కదిలించిన సంగతి ఒకటి చెప్తాను. మా చుట్టాల్లో ఒక కుర్రాడు తనకు మగవాళ్లంటేనే ఇష్టమని తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాడు. 2018 సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధం నేరం కాదని 377 సెక్షను మీద తీర్పు వచ్చిన తరవాతి మాట. ఆ తండ్రి ఏడాదిపాటు కొడుకుతో మాట్లాడలేదు. ఇప్పుడు పండక్కి ఆ ఇద్దరినీ పిలిచి భోజనం పెడుతున్నాడు. వాళ్లకు పెళ్లి హక్కు లేదని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పేసింది. పెళ్లి చేసుకునే దారే లేనివాడు ఇంట్లో నిజం చెప్పాడు. చట్టం అన్ని తలుపులూ తెరిచి పెట్టినవాళ్లు గుమ్మం దగ్గరే నీళ్లు నములుతున్నారు.

అదే 2018 సెప్టెంబరులో, 377 తీర్పు వచ్చిన ఎనిమిదో రోజున, మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్లముందే కులాంతర వివాహం చేసుకున్న కుర్రాణ్ణి ఆసుపత్రి బయట నరికేశారు. హత్య చేయించింది ఆమె తండ్రే. ఆ కేసులో 2025 మార్చిలో ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం పడింది. 2022 మేలో సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద ఇంకో కుర్రాణ్ణి చంపారు. అలాంటి భయం ఉన్న పిల్లల్ని నేను ఒక్క మాటా అనను. వాళ్లు దాక్కోవాలి, దాచుకోవాలి, బతకాలి. నా గొడవ వేరేవాళ్లతో. అమ్మ నాలుగు రోజులు అన్నం మానేస్తుందని, నాన్న ఆరు నెలలు మాట్లాడడని, బంధువుల వాట్సాప్ గ్రూపులో చెవులు కొరుక్కుంటారని భయపడేవాళ్లతో. ఆ భయానికి ఇంకొకరి మూడేళ్లు ఖర్చు పెట్టేవాళ్లతో.

సర్కారు దీనికి మందు వెయ్యబోయి ఇంకో జబ్బు తెస్తోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షను పెట్టారు. చేసుకునే ఉద్దేశం లేకుండా పెళ్లి మాటిచ్చి కలిస్తే పదేళ్ల దాకా జైలు. మొదట్నించీ మోసం చేసినవాడికి అది సరే. పిరికివాడికి జైలు ధైర్యం నేర్పదు. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి కలిసి ఉండేవాళ్లు పేర్లు నమోదు చేయించుకోవాలన్నారు. నోటీసు బోర్డు పక్కనే ఇన్నేళ్లు కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణి, అలాంటి పుస్తకంలోంచి పేర్లు ఎవరి చేతికి పోతాయో నాకు తెలుసు. ఆ 30 రోజుల నోటీసు అంటించడం కూడా ఎత్తెయ్యాలంటాను. జంట కోరితేనే నోటీసు బయటపెట్టాలని అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో తీర్పిచ్చింది. మనకూ అది రావాలి. దాచాల్సింది నోటీసును, ప్రేమించిన మనిషిని కాదు.

ఇష్టపడ్డ మొదటి ఏడాదిలోనే ఇంట్లో చెప్పండి. పెళ్లి వద్దు, ఊరికే కలిసి ఉంటాం అనుకుంటే అదైనా చెప్పండి. కుదరదనుకుంటే ఆ ముక్క ఎదురుగా కూర్చున్న మనిషికి మొహం మీద చెప్పండి, ఫొటోల్లో చూసి తెలుసుకునేలా చెయ్యకండి. చేసుకుందామని తేల్చుకున్నాక సాక్షులు ఇద్దరే దొరికి మూడోవాళ్లు దొరక్కపోతే నాకు కబురు పెట్టండి. నాకు డెబ్బై దాటాయి గానీ సంతకం వణకదు. ఆధార్ జిరాక్సు, ఫొటోలు సిద్ధంగా పెట్టుకున్నాను. ఇంట్లో చెప్పి రావాలన్నది ఒక్కటే నా షరతు. చెప్తే ప్రాణం తీసే ఇల్లయితే ఆ షరతూ లేదు. అలాంటి జంటలకు రక్షణ ఇవ్వాలని, తలదాచుకునే చోటు చూపించాలని సుప్రీంకోర్టు 2018 మార్చిలో శక్తివాహిని కేసులో రాష్ట్రాలను ఆదేశించింది. ఎస్పీ గారికి అర్జీ నేనే రాస్తాను, మీతోపాటు వచ్చి ఇస్తాను.